విద్యుత్తు బండి - మాడుగుల దారులు

మాడుగుల నుండి బండి మీద బయలుదేరువారికి ముఖ్యమైన దారులు రెండు. ఒకటి చోడవరము మీదుగ అనకాపల్లికి దిగును. రెండవది కొండనెక్కి పాడేరు చేరును. మొదటిది చెరకు తోటల నడుమ, వరి మళ్ళ నడుమ చదునుగ సాగిపోవు దారి. చోడవరమునకు ఇరువది కిలోమీటర్లకు కొంచెము మించును. రెండవది మలుపుల మీద మలుపులు తిరుగు ఘాటు రోడ్డు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించినప్పుడు మాడుగుల అనకాపల్లి జిల్లాలోనికి వచ్చినది. పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్యపట్టణమైనది. జిల్లాలు వేరైనను ఉద్యోగులు, ఉపాధ్యాయులు, వర్తకులు ఆ కొండను ఎక్కుచునే యున్నారు, దిగుచునే యున్నారు.

విద్యుత్తుతో నడచు స్కూటరును గురించి నేడు ప్రతి ఇంటను ప్రస్తావన వచ్చుచున్నది. పెట్రోలు బండి మాని దానిని కొనవచ్చునా అని అడుగువారికి పట్టణములందలి ప్రకటనలు చెప్పు జవాబు ఒక్కటే: కొనుడు అని. మా జవాబు దారిని బట్టి మారును. ప్రతి దినము చోడవరమో, అంత దూరముననున్న మరియొక ఊరో పోయి వచ్చువారు నిస్సందేహముగ మారవచ్చును. ఊరిలోనే నాలుగైదు కిలోమీటర్లు తిరుగువారు తొందరపడనక్కరలేదు. ఘాటు ఎక్కువారు కాగితము, కలము తీసికొని లెక్క వేసిన పిదపనే బయలుదేరవలెను. ఈ మూడు మాటలకును గల కారణములను వివరించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

రేడియో ఉన్న ఇంటికి బ్యాటరీ కొత్త వస్తువు గాదు. కరెంటు రాని రోజులలో మన గ్రామములందు రేడియో పెట్టెలు బ్యాటరీలతోనే పలికినవి. బ్యాటరీ కొత్తగ నున్నప్పుడు పాట గట్టిగ వినిపించుట, నీరసించినకొలది గొంతు సన్నగిల్లుట పెద్దలకు గుర్తుండును. స్కూటరు బ్యాటరీ స్వభావమును ఇంతకంటె భిన్నము కాదు. దానిలో పట్టు విద్యుత్తును మన కరెంటు బిల్లులోని యూనిట్లతోనే కొలుతురు. సామాన్యముగ కుటుంబమువారు కొను స్కూటరులో మూడు యూనిట్లు పట్టు బ్యాటరీ ఉండునని అనుకొందము. చదును దారిలో నూరు కిలోమీటర్లు నడచుటకు అట్టి బండికి మూడు యూనిట్లు కావలెను. చార్జి చేయునప్పుడు కొంత వేడిగ వృథాయగును గనుక గోడ నుండి మూడున్నర యూనిట్లు తీసికొనునని లెక్క కట్టుట న్యాయము. ప్రకటనలలో ఇంతకంటె చాల ఎక్కువ దూరము కనిపించును. అది పరీక్షాశాలలో కొలిచిన దూరము. ఇద్దరు మనుష్యులు, ఒక బియ్యపు సంచి, ఎదురుగాలి, గోతుల రోడ్డు అందులో లేవు. ప్రకటించిన దూరములో మూడింట రెండు వంతులను మన దూరముగ తీసికొన్నచో దారిలో బండి ఆగిపోవు ప్రమాదముండదు.

ఇక డబ్బు లెక్క. ప్రతి దినము చోడవరము పోయి వచ్చు ఒక గుమాస్తాను తలంచుడు. రాకపోకలకు 44 కిలోమీటర్లు, నెలకు 25 దినములు. మొత్తము 1,100 కిలోమీటర్లు. పెట్రోలు స్కూటరు లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చునేని ఇరువదినాలుగున్నర లీటర్లు కావలెను. మన రాష్ట్రములో పెట్రోలు ధర లీటరు 110 రూపాయల చెంతనున్నదని తీసికొన్నచో ఖర్చు 2,700 రూపాయలకు దగ్గరగ వచ్చును. అదే దూరమునకు విద్యుత్తు బండి ముప్పదియెనిమిదిన్నర యూనిట్లు తీసికొనును. గృహ వినియోగములో యూనిట్లు పెరిగిన కొలది రేటును పెరుగును గనుక ఉదారముగ యూనిటుకు 7 రూపాయలు వేసినను 270 రూపాయలు. నెలకు మిగులు 2,400 రూపాయలు దాటినది. మూడేండ్లలో 86,000 పైచిలుకు. ఇంజను ఆయిలు, గాలి వడబోత, ప్లగ్గు మొదలైన ఖర్చులు లేకపోవుట దీనిపై అదనపు లాభము.

ఇప్పుడు అదే ఇంటిలోని వృద్ధుని తీసికొందము. ఆయన దినమునకు ఐదు కిలోమీటర్లు తిరుగును: బజారు, గుడి, తోట. నెలకు 150 కిలోమీటర్లు. పెట్రోలుకు 370 రూపాయల లోపు. కరెంటుకు 40 రూపాయల లోపు. మిగులు 330 రూపాయలు. తిన్నగ నడచుచున్న పాత స్కూటరును అమ్మి, లక్ష రూపాయల ప్రాంతములో కొత్తది కొన్నచో ఈ మిగులుతో ఆ సొమ్ము తిరిగి వచ్చునప్పటికి బ్యాటరీ ముసలిదగును. బ్యాటరీ వెల బండి వెలలో మూడవ వంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నుండును. ఈ సంగతిని అమ్మువారు ముందుగ చెప్పరు. కనుక తక్కువ తిరుగువారు పాత బండి నడచినంత కాలము నడిపించుటయే లాభము. అది పాడైననాడు విద్యుత్తు బండిని గురించి ఆలోచింపవచ్చును.

ఆ వృద్ధునికి, హైస్కూలుకు పోవు పిల్లలకు మరియొక మార్గము గలదు. అది విద్యుత్తు సైకిలు. తొక్కుచుండగా చిన్న మోటారు తోడు పట్టును. బ్యాటరీ ఆగిపోయినను సైకిలు సైకిలే గనుక ఇల్లు చేరవచ్చును. దీని బ్యాటరీలో అర యూనిటు కూడ పట్టదు. అనేక రకములలో దానిని ఊడదీసి చేతితో లోనికి తీసికొని పోవచ్చును. మోటారు శక్తి 250 వాట్లకు లోబడి, గంటకు 25 కిలోమీటర్ల వేగము మించని తేలిక బండ్లను కేంద్ర మోటారు వాహన నియమములు మోటారు వాహనములుగ పరిగణింపవు. వానికి రిజిస్ట్రేషను గాని, లైసెన్సు గాని అక్కరలేదు. అయితే కొందరు వర్తకులు గంటకు నలుబది, నలుబదియైదు కిలోమీటర్లు పోవు బండ్లను గూడ లైసెన్సు అక్కరలేనివని చెప్పి అంటగట్టుచున్నారు. అట్టి బండి ప్రమాదమునకు లోనైనచో బీమాయు ఉండదు, చట్టపు రక్షణయు ఉండదు. పిల్లవాని చేతికి ఇచ్చుటకు ముందు దాని పత్రములను తండ్రి స్వయముగ చదువవలెను.

ఘాటు సంగతికి వత్తము. పాడేరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. మాడుగుల నుండి ఎక్కవలసిన ఎత్తు 800 మీటర్లని అనుకొందము. బండియు, ఇద్దరు మనుష్యులును కలిసి 240 కిలోల బరువుందురు. ఈ బరువును అంత ఎత్తునకు లేపుటకు భౌతికశాస్త్రము చెప్పు శక్తి అర యూనిటు పైచిలుకు. మోటారులో పోవు నష్టమును గూడ కలిపిన యూనిటులో మూడింట రెండు వంతులు. వినుటకు ఇది స్వల్పముగనే తోచును. కాని ముప్పదియైదు కిలోమీటర్ల దారికి మామూలుగ కావలసిన ఒక యూనిటు దీనికి తోడగును. పైకి చేరునప్పటికి మూడు యూనిట్ల బ్యాటరీలో సగమునకు మించి ఖర్చగును. కొత్త బ్యాటరీతో దిగుటకు చాలినంత మిగులును. నాలుగేండ్ల పాత బ్యాటరీతో, ఆషాఢపు వానలో, వెనుక మనిషితో పోవువానికి ఆ మిగులు చాలదేమోయను భయము న్యాయమైనదే. అట్టివారు పాడేరులో ఆఫీసు వద్దనో, బంధువుల ఇంటనో రెండు గంటలు చార్జి చేసికొను ఏర్పాటు ముందే చూచుకొనవలెను. సుదీర్ఘమైన ఎక్కుడులో చిన్న మోటారు వేడెక్కును. వేడెక్కినప్పుడు తన్ను తాను కాపాడుకొనుటకు అది శక్తిని తగ్గించుకొనును. బండి చెడిపోయినదని కంగారుపడక కొంతసేపు నీడన నిలుపవలెను. 250 వాట్ల సైకిలు ఈ ఘాటునకు పనికిరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

దిగునప్పటి విషయము ఇంకను రుచికరమైనది. పెట్రోలు బండి దిగునప్పుడు బ్రేకులు వేడెక్కి, ఎక్కుటకు ఖర్చుపెట్టిన శక్తి యంతయు గాలిలో కలిసిపోవును. మంచి విద్యుత్తు బండిలో యాక్సిలరేటరు వదలినప్పుడు మోటారే డైనమోగ మారి బండిని నిదానింపజేయుచు కొంత విద్యుత్తును బ్యాటరీకి తిరిగి పంపును. అంతయు రాదు, కొంత భాగమే వచ్చును. అయినను బ్రేకులకు శ్రమ తగ్గును. ఒక్క చిక్కు గలదు. పాడేరులో బ్యాటరీని నిండుగ నింపి దిగ మొదలుపెట్టినవానికి ఆ తిరిగివచ్చు విద్యుత్తును దాచుటకు చోటుండదు. నిండు కుండలో నీరు పోసినట్లే. అప్పుడు మోటారు పట్టు తగ్గి భారమంతయు బ్రేకుల మీద పడును. అలవాటైన పట్టు తొలి మలుపులో దొరకక తత్తరపడవచ్చును. కనుక కొండ మీద చార్జి చేయువారు ఎనుబది, ఎనుబదియైదు వంతుల వద్ద ఆపుట మేలు.

ఇది కేవలము కాగితము మీది మాట కాదనుటకు మన రాష్ట్రములోనే గొప్ప ఉదాహరణము గలదు. తిరుమల కొండకు 1944లో మొదటి ఘాటు రోడ్డు వేసినారు. ఆనాటి నుండి ఎన్ని వేల బస్సులు పొగ చిమ్ముచు ఆ మలుపులు ఎక్కినవో! 2022 సెప్టెంబరు 27న, బ్రహ్మోత్సవముల తరుణములో, రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ తిరుపతి కేంద్రముగ నూరు విద్యుత్తు బస్సుల పథకమును ప్రారంభించినది. అందు సగము తిరుమల ఘాటు కొరకే. మరుసటి ఏడు దేవస్థానమునకు పది విద్యుత్తు బస్సులు కానుకగ వచ్చినవి. కొండ మీద యాత్రికులను ఉచితముగ త్రిప్పు ధర్మరథములుగ అవి నడచినవి. ఎత్తున ఆ ఘాటు మన పాడేరు ఘాటుకు ఇంచుమించు తూగును. టన్నుల బరువుగల బస్సులు ఎక్కి దిగగలిగిన కొండను స్కూటరు ఎక్కలేదనుట పొరపాటు. అక్కడ డిపోలో చార్జి చేయు యంత్రములు, మరమ్మతు చేయు మనుష్యులు సిద్ధముగ నుందురు. మన స్కూటరు యజమానికి ఆ రెండును తానే సమకూర్చుకొనవలసియుండును. తేడా అంతయు అచ్చటనే.

విద్యుత్తు బండి కొత్త వింతయని తలంచువారున్నారు. మరల చార్జి చేయదగిన సీసపు బ్యాటరీని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ప్లాంటే 1859లోనే కనిపెట్టినాడు. భూమి మీద గంటకు నూరు కిలోమీటర్ల వేగమును తొలిసారి దాటిన కారు పెట్రోలుది గాదు. 1899లో బెల్జియము దేశీయుడు జెనాట్సీ నడిపిన విద్యుత్తు కారు. ఇంగ్లండులో తెల్లవారుజామున ఇంటింటికి పాలసీసాలు వేయు బండ్లు దశాబ్దముల తరబడి బ్యాటరీతోనే చప్పుడులేక తిరిగినవి. బ్యాటరీ బరువు, కొద్దిపాటి నిలువ, ఈ రెండే దానిని వెనుకకు నెట్టినవి. 1991లో మార్కెట్టులోనికి వచ్చిన లిథియం బ్యాటరీ ఆ బరువును తగ్గించినది. దానికి మూలమైన కృషి చేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది.

లిథియము తేలికైనది, దానితోపాటు జాగ్రత్త కోరునది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒకచోట, నిజామాబాదులో ఒకచోట ఇంటిలో చార్జి చేయుచున్న స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణములు పోయినవి. అదే సంవత్సరము సెప్టెంబరు 12న సికిందరాబాదులో ఒక భవనము క్రింది భాగమున నున్న విద్యుత్తు స్కూటర్ల దుకాణములో మంటలు లేచి, పై అంతస్తుల లాడ్జిలో నున్నవారిలో ఎనిమిదిమంది మరణించినారు. పొగ మెట్ల మీదుగ పైకి ప్రాకినది. ఈ సంఘటనల మీద బ్యాటరీల భద్రతా నియమములను కేంద్రప్రభుత్వము గట్టిపరచినది. మొదటి విడత 2022 డిసెంబరు 1 నుండి, రెండవ విడత 2023 మార్చి 31 నుండి అమలులోనికి వచ్చినవి. పాత బండిని చౌకగ కొనువారు దాని తయారీ తేదీని ఈ తేదీలతో పోల్చి చూడవలెను.

ఇంటిలో చేయవలసిన జాగ్రత్తలు కష్టమైనవి గావు. స్కూటరు చార్జరు ఇస్త్రీపెట్టె తీసికొనునంత కరెంటు తీసికొనును. ఇస్త్రీపెట్టె పది నిమిషములు పనిచేయును. చార్జరు నాలుగైదు గంటలు ఆగక పనిచేయును. వదులైన ప్లగ్గు, సన్నని వైరు, ఎర్తు లేని సాకెట్టు అందుకే కాలిపోవును. బండి కొనుటకు ముందే ఎలక్ట్రీషియనును పిలిచి, మీటరు నుండి వేరుగ మందపు వైరు లాగించి, మంచి ఎర్తుతో పెద్ద సాకెట్టు వేయించుటకు వెనుదీయరాదు. పడకగదిలో, గుమ్మమునకు అడ్డముగ, మెట్ల క్రింద చార్జి చేయరాదు. మంట లేచిననాడు ఇంటివారు బయటపడవలసిన దారి అదే. మన ఎండలలో తిరిగి వచ్చిన బండిని అరగంట చల్లారనిచ్చి గాని ప్లగ్గు పెట్టరాదు. అందరు నిద్రించిన వేళకంటె సాయంకాలమో, వేకువనో చార్జి చేయుట మేలు. కంపెనీ ఇచ్చిన చార్జరును వదలి బజారు చార్జరు వాడుట చాలమంది చేయు పని. దానికంటె పెద్ద పొరపాటు లేదు.

కరెంటు ఎక్కడిది? బొగ్గు కాల్చి తీసిన కరెంటుతో బండి నడిపిన వాతావరణమునకు లాభమేమి యని చదువుకొన్నవారు అడుగుదురు. ఇది సబబైన ప్రశ్న. మన ప్రాంతమునకు ఒకనాడు వెలుగు తెచ్చినది 1955లో పని ప్రారంభించిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము, పిదప సీలేరు. నేడు మన జిల్లాలోనే పరవాడ వద్ద సింహాద్రి కేంద్రము బొగ్గుతో 2,000 మెగావాట్లు తీయగలదు. దాని జలాశయము మీదనే 2021లో 25 మెగావాట్ల తేలియాడు సౌర ఫలకములను గూడ అమర్చినారు. దేశములోని కరెంటు మొత్తమును సరాసరి చూచిన యూనిటుకు ముప్పాతిక కిలోకు కొంచెము తక్కువగ బొగ్గుపులుసు వాయువు వెలువడుచున్నది. ఆ లెక్కన విద్యుత్తు స్కూటరు కిలోమీటరుకు 25 గ్రాములు. పెట్రోలు స్కూటరు 50 గ్రాములు. సగమునకు సగము తగ్గినది. బజారులో మన ముక్కు ముందర పొగ లేకపోవుట వేరు లాభము. ఇంటి కప్పు మీద సౌర ఫలకములు ఉన్నవారికి ఈ లెక్క ఇంకను బాగుండును. 2024లో ప్రారంభమైన సూర్యఘర్ పథకము క్రింద మూడు కిలోవాట్ల వరకు 78,000 రూపాయల సహాయమును కేంద్రము ప్రకటించినది.

తుపాను వచ్చి కరెంటు పోయిన ఏమి చేయుదురని మరియొక ప్రశ్న. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన తీరమును తాకినప్పుడు స్తంభములు కూలి ఎన్నియో దినములు చీకటిలో గడపినాము. ఆ రోజులలో విద్యుత్తు బండి ఉండియున్నచో అది మూలన పడియుండెడిదే. అయితే పెట్రోలు బంకుల వద్ద బారులు తీరిన జనమును గూడ మరువరాదు. పెట్రోలు తోడు పంపునకును కరెంటే కావలెను. ఇంటిలో రెండు బండ్లున్నచో ఒకటి మాత్రమే మార్చుట ఈ విషయములో తెలివైన పని. తుపాను హెచ్చరిక రేడియోలో వినిన వెంటనే ఆ బ్యాటరీని నింపి యుంచుకొన్నచో రెండు మూడు దినములు ఊరి పనులకు చాలును.

కొనునప్పుడు గమనింపవలసినవి మరికొన్ని గలవు. విద్యుత్తు వాహనములపై జి.ఎస్.టి.ని 2019 ఆగస్టు 1 నుండి 12 వంతుల నుండి 5 వంతులకు తగ్గించినారు. కేంద్రము ఇచ్చు సహాయము మాత్రము ఏటేట తగ్గుచు వచ్చినది: 2024 అక్టోబరులో మొదలైన పథకములో ద్విచక్ర వాహనములకు బ్యాటరీ యూనిటుకు 5,000 రూపాయలు, మరుసటి ఆర్థిక సంవత్సరమున 2,500 రూపాయలు. సహాయమును నమ్ముకొని కాక, పైన చూపిన పెట్రోలు లెక్కను నమ్ముకొని కొనవలెను. సీసపు బ్యాటరీ బండి చౌకగ దొరకును. ఏడాదిన్నర రెండేండ్లకు బ్యాటరీ మార్పించి ఆ చౌకను వసూలు చేసికొనును. లిథియములో ఇనుము, ఫాస్ఫేటు కలిపిన రకము కొంత బరువైనను వేడిని బాగుగ ఓర్చుకొనును, ఎక్కువ కాలము మన్నును. మన వేసవికి మేము దానినే మెచ్చుకొందుము. పూచీ ఎన్నేండ్లు, ఎన్ని కిలోమీటర్లు, నిలువ ఎంత తగ్గిన మార్చెదరు అను మూడు మాటలను కాగితము మీద వ్రాయించుకొనవలెను. మరమ్మతు చేయు మనిషి చోడవరములోనున్నాడా, విశాఖపట్టణము వరకు లారీలో వేసికొని పోవలెనా అని కనుగొనవలెను. బ్యాటరీ చివరకు పాడైనప్పుడు 2022 నియమముల ప్రకారము దానిని తిరిగి తీసికొను బాధ్యత తయారీదారులదే. పాత ఇనుము కొనువానికి తూకమునకు వేయరాదు.

కొనిన పిదప మొదటి వారము నిదానముగ నడుపుడు. ఈ బండికి చప్పుడు లేదు. రోడ్డు మీద పడుకొన్న గేదె లేవదు, ఆడుకొను పిల్ల తిరిగి చూడదు. ఊరిలోనికి వచ్చునప్పుడు హారను మ్రోగించు అలవాటు చేసికొనక తప్పదు.

మన ఊరి వర్తకులు చేయదగిన పని ఒకటి మిగిలినది. విద్యుత్తు బండిని చార్జి చేయుట కరెంటు అమ్మకము గాదనియు, అందుకు లైసెన్సు అక్కరలేదనియు కేంద్ర విద్యుచ్ఛక్తి శాఖ 2018 ఏప్రిల్‌లోనే స్పష్టము చేసినది. పాడేరు, అరకు పోవువారు మాడుగులలో హల్వా కొరకు ఆగుట అందరు ఎరిగినదే. గోధుమపాలు, నేయి, జీడిపప్పుతో చేయు ఆ హల్వా పొట్లము కట్టించుకొని, టీ త్రాగి, నాలుగు మాటలాడి బయలుదేరుటకు అరగంట పట్టును. దుకాణము గోడకు ఎర్తుగల సాకెట్టు ఒకటి వేయించి, యూనిటుకు ఇంతయని బోర్డు పెట్టిన చాలును. ఆ అరగంటలో మామూలు చార్జరు పది కిలోమీటర్లకు చాలినంత విద్యుత్తు ఎక్కించును. ఘాటు ఎక్కుటకు అది చాలదు. చోడవరము దారిలో సగము వరకు వచ్చును.